గాలపు కట్టెకు తలుగు

మిర్గానికి ముందటి రోజు
సోమశిల కాడ నా కట్టె పోయింది.
బీడీ ముట్టిద్దామని అంగీ జేబుల చెయ్యి వెట్టిన,
పుట్టి అంచుకు ఆన్చిన కట్టె
ఒక్కపారి వంగి, దండం వెట్టినట్టు వెట్టి
నీళ్ళలకు ఉరికింది.
రీలు, దారం, పదకొండు వందల రూపాలు,
కర్నూలు బస్టాండు పక్క దుకాణంల
నేను జేసిన గంట బేరం,
అన్నీ.

కుర్మయ్య మామ నవ్విండు.
"ఎద్దుకు తలుగేస్తవు, మేకకు పలుపు గడ్తవు,
గింత పిరమైన కట్టెను
ఉట్టిగ ఇడుస్తవార?"

ఇంటికొచ్చి అటకెక్కిన.
అటక మీద నా ఎస్టీడీ దుకాణం పండుకోనుంది:
పసుపు బోర్డు, బిల్లు మిషను,
మూతి పగిలిన ఎర్ర ఫోను,
దానికి సుట్టలు సుట్టలుగ వైరు.
పట్టి గుంజితే బారెడు,
ఇడిస్తే జానెడు.
గదే గావాలె నాకు.

తాడు పొట్టిదైతే
గాలం ఇసిరెటప్పుడు భుజం గుంజుతది.
పొడుగైతే కాళ్ళల్ల వడి
మనిషినే గుచ్చుతది.
పుట్టికి ముందు లేదు, ఎనక లేదు,
తెడ్డు ఆపితే సాలు
తన సుట్టు తానే తిరుగుతది,
అందుల ఏ తాడైనా ఒకనాటికి మెడకే వస్తది.

వైరు కొసలు కోసిన.
లోపల నాలుగు సన్న తీగలు,
ఎరుపు, పచ్చ, పసుపు, నలుపు.
గుంజి పారేద్దామనుకున్న, మనసు రాలె.
సుట్టల నడుమంగ వలతాడు దోలి
కొసలకు సైకిల్ ట్యూబు ముక్క తొడిగి
నైలాను దారం బిగ్గ సుట్టి
అగ్గిపుల్లతోని కాల్చి ఒత్తిన.
బొటనేలు సుర్రుమంది.
ఒక దిక్కు తాళంచెవుల రింగు,
ఇంకో దిక్కు నా బిడ్డ అయిదో తరగతి సంచి కొక్కెం.

ఈ వైరును ఎంతమంది ఏళ్ళకు సుట్టుకున్నరో.
సింగోటం సవారమ్మ
పుణె అడ్డకు ఫోను జేసేది.
మిషను మీద అంకెలు ఉరుకుతుంటె
సూపు అంకెల మీదనే వెట్టి
వైరును సూపుడేలికి మూడు సుట్లు సుట్టి...
అటు దిక్కు ఆమె మొగడు
తట్ట దించి వచ్చెదాక
ఇద్దరం ఇన్నది ఒక్కటే గర్రుమనే సప్పుడు,
తొమ్మిది రూపాల సప్పుడు.
ఆమె పోయినంక గుడ
వైరుకు ఆ మెలిక ఉండేది.
రిసీవరును తలకిందులు ఏలాడదీసి
అది గిర్రగిర్ర తిరిగి
సక్కగయ్యెదాక సూసెటోన్ని.

మామకు జూపిన.
అటు గుంజి ఇటు గుంజి
రింగును పండ్లతోని కొరికి
"గట్టిగనే ఉంది," అన్నడు.
"గదే తప్పు.
వరదల మొద్దు తగిలిందనుకో,
మనిషంత వాలుగ వడ్డదనుకో,
కట్టె పోదు, పుట్టి పోతది.
ఏడనో ఒక్క కాడ తెగనియ్యాలె."
అంగీ గుండీలు కుట్టె దారం దీసి
రింగుకు, పుట్టి బద్దకు నడుమ
ఏడు పోసలు ఏసి కట్టిండు.

"ఏడే ఎందుకు మామా?"
"ఆరు ఏస్తె నా కట్టె పోయింది."
"ఎనిమిది ఏస్తె?"
మామ నీళ్ళ దిక్కు సూసిండు,
తెడ్డు అందుకుండు.

ఐతారం. పొద్దు ఇంక పొడువలె.
నల్లమల గుట్టలు
నీళ్ళ మీద తలకిందులున్నయి.
మామ ఏదో కత సెప్తుండు,
నేను ఊకొడ్తున్న.
కట్టె దుంకింది!
వైరు జానెడు నుంచి బారెడైంది,
సన్నగ వణికింది,
ఏడు పోసల మీద ఆగింది.

అప్పుడు నా చెయ్యి
కట్టె మీదికి పోవాలె గదా?
చెవి మీదికి పోయింది.

బొచ్చె, కిలోన్నర.
రేవు దాకా మామ నవ్వుతనే ఉండు.
పుట్టి దిగెటప్పుడు
తెడ్డుకు గుడ ఒక తలుగు జెయ్యమన్నడు.
పోసలు మాత్రం
తనే ఏస్తనన్నడు.